సగం మాట టీచరు

ప్రేమమణి గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పుకోవాలి. అది ఎక్కువ మాట్లాడే నోరని అందరూ అంటారు కానీ, నిజానికి ఆమె మాట్లాడేది సగమే. మిగతా సగం ఎదుటివాళ్ళ చేత పలికిస్తుంది. మారేడ్‌పల్లిలో ఒక స్కూల్లో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. బోర్డు మీద బొమ్మ గీసి, "ఇది త్రిభు..." అని ఆగుతుంది. క్లాసంతా "జం" అంటుంది. "మూడు కోణాలు కలిపితే నూట ఎన..." అంటుంది. "భై" అంటారు. పీరియడ్ పొడుగునా గది దద్దరిల్లిపోతుంది. వరండాలో పోతున్న ప్రిన్సిపాల్ ఆగి విని, క్లాసంటే ఇలా ఉండాలి అని మురిసిపోయి వెళ్తాడు. ప్రేమమణి కూడా మురిసిపోయేది. పిల్లలకు అంతా వచ్చేసిందని ఆమె నమ్మకం. తీరా పరీక్ష పెడితే సగం మంది పేపర్లు ఖాళీగా ఉండేవి. దిద్దేవాళ్ళ తప్పు అనుకుందామంటే దిద్దేది కూడా తనే.

ఇంట్లోనూ ఇదే వరస. "ఏమండీ, ఇవాళ కూర వంకా..." అంటే పక్క గదిలోంచి భర్త దేవానందం "య" అంటాడు. రైల్వే ఆఫీసులో గుమాస్తా ఆయన. ఫైలులో తలపెట్టి కూడా ఆ ఒక్క అక్షరం సమయానికి అందించడం పంతొమ్మిదేళ్ళ కాపురంలో అలవాటు చేసుకున్నాడు. ఇక ఆదివారం మల్కాజ్‌గిరిలో వాళ్ళ చర్చి సండేస్కూలుకి కూడా ఆమే టీచరు. బైబిల్ కంఠత వాక్యాల పోటీలో పిల్లలు స్టేజీ ఎక్కి బిక్కమొహం వేస్తే, మొదటి వరసలో కూర్చుని పెదవులతో తొలి అక్షరాలు అందిస్తుంది. వరసగా మూడేళ్ళు షీల్డు మల్కాజ్‌గిరికే వచ్చింది. ఆ షీల్డు అసలు ఎవరు గెలిచినట్టు అన్న అనుమానం అప్పట్లో ఆమెకు రాలేదు.

ఇలాంటి మనిషి నలభై నాలుగో ఏట స్కూల్ సైకాలజిస్టు అవుదామనుకుంది. పిల్లలకు చదువు ఎందుకు రావడం లేదో, మనసులో ఏం నలుగుతోందో మాట్లాడి, పరీక్షలు పెట్టి కనిపెట్టే ఉద్యోగం అది. రెండేళ్ళ పీజీ కోర్సు. ఈ వయసులో ఎందుకమ్మా అని అడిగిన ప్రిన్సిపాల్‌కి "పిల్లల కోసం సార్" అని చెప్పింది. భర్తకు "ముందు ముందు ప్రమోషన్ ఉంటుందండీ" అని చెప్పింది. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. వారానికి రెండు రోజులు వాళ్ళ స్కూలుకి వచ్చే కౌన్సెలర్‌కి ఒక ఏసీ గది ఇచ్చారు. ఆ గదికి తలుపు ఉంది. లోపల గుండ్రంగా తిరిగే కుర్చీ ఉంది. స్టాఫ్‌రూమ్‌లో చెయ్యి విరిగిన కుర్చీ కోసం ఇరవై ఏళ్ళు హిందీ టీచరుతో పోట్లాడిన ప్రేమమణి, ఆ కుర్చీని చూసిన రోజే పై చదువులు చదవాలని తీర్మానించుకుంది. స్కూలుకి రెండేళ్ళు సెలవు పెట్టేసింది.

సీటు ఇంటర్వ్యూకి వెళ్తే బల్లకు అవతల ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కోర్సు నడిపే డాక్టర్ ఎలీనా అంటే ఈవిడేనట, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ఆ అమ్మాయి ప్రేమమణిని చూడగానే గబుక్కున లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ టీచర్" అంది, ఏడో తరగతి పిల్లలు సాగదీసి పాడతారే, అలాగే. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆమె క్లాసులో మూడో బెంచీ. పక్కపిల్లతో మాట్లాడుతోందని ఒకసారి పీరియడంతా గోడవైపు తిప్పి నిలబెట్టిన ఎలీనా. ప్రేమమణి కూడా అలవాటు కొద్దీ "సిట్ డౌన్" అంది. ఇంటర్వ్యూ చేసే మనిషి కూర్చుంది. తనేం చేసిందో తెలిసేసరికి ప్రేమమణికి చెవులు వేడెక్కాయి. అప్పట్నుంచి ఆ ఇద్దరి మధ్యా మర్యాద తారుమారైపోయింది. గురువుగారు శిష్యురాలిని "టీచర్" అంటుంది, శిష్యురాలు గురువుగారిని "మేడమ్" అంటుంది. తోటి విద్యార్థులు పదమూడు మంది, అందరూ ఇరవై రెండూ ఇరవై మూడేళ్ళ వాళ్ళు, ఆమెను "ఆంటీ" అంటారు. ఆంటీ నోట్సు రాసే స్పీడు చూసి జాలిపడి ఫొటోలు తీసి పంపుతారు.

పిల్లలకు టెస్టు పెట్టడం అనేది ఈ చదువులో పెద్ద పని. దానికి ఒక పుస్తకం ఉంటుంది. ప్రశ్న అందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీసెయ్యకూడదు. పిల్ల సరిగ్గా చెబితే "శభాష్" అనకూడదు, తప్పు చెబితే "అయ్యో" అనకూడదు. తల ఊపకూడదు, కనుబొమ్మ ఎగరెయ్యకూడదు. "టెస్టు పెట్టేటప్పుడు మనం గోడలా ఉండాలి" అని ఎలీనా మొదటి రోజే చెప్పింది. ప్రేమమణి ఆ మాట నోట్సులో రాసుకుని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా గీసింది. గీతలు గీయడంలో ఆమెకు మంచి అనుభవం.

ఇంట్లో కూతురు క్యారల్‌ని కూర్చోబెట్టి ప్రాక్టీసు చేసింది. ఇంటర్ చదువుతున్న క్యారల్ నాలుగు ప్రశ్నలయ్యాక లేచిపోయింది. "మమ్మీ, నీ ఫేసే ఆన్సర్ షీట్. పుస్తకం చూడాల్సిన పని లేదు" అంది. ప్రేమమణి ఆ మాటను ఈ కాలం పిల్లల పొగరు కింద జమకట్టింది.

ఇంకో నియమం కూడా ఉంది. టెస్టు పెట్టినంతసేపూ, తల్లిదండ్రుల అనుమతితో, ఫోన్లో రికార్డు చెయ్యాలి. ఆ తర్వాత అది వింటూ మాటకు మాట కాగితం మీద రాయాలి. దగ్గితే దగ్గు, "ఊఁ" అంటే ఊఁ. అది చూపించాకే రిపోర్టు మీద ఎలీనా సంతకం పెట్టాలి. గంట టెస్టుకి ఆరు గంటల రాత పని. పదమూడు మంది పిల్లలూ తిట్టుకుంటూ రాసేవాళ్ళు. ఆంటీ తిట్టుకునేది, రాసేది కాదు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి తన మాటలు తనే విని రాసుకోవడమేమిటని ఆమె లోపలి మాట.

అలా ఉండగా ఝాన్సీ వచ్చింది.

కాలేజీకి ఒక చిన్న సెంటరు ఉంది. శనివారాలు అక్కడికి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొస్తారు, ట్రైనింగ్ వాళ్ళు చూస్తారు. ఝాన్సీలక్ష్మి అని నాయనమ్మ పేరు పెట్టుకున్న ఆ పిల్ల తొమ్మిదో తరగతి. రెండు జడలు, గోళ్ళు కొరికిన వేళ్ళు. తండ్రి జోగారావుది తణుకు దగ్గర ఊరు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటా కమీషన్ కొట్టు పెట్టి స్థిరపడ్డాడు. తల్లి శ్రీలలిత మాట్లాడబోతే ఆయనే అందుకున్నాడు.

"చూడండి మేడంగారూ, మాటల్లో మా అమ్మాయిని ఎవరూ గెలవలేరు. లెక్కల దగ్గరికొచ్చేసరికి సున్నా. రెండు ట్యూషన్లు మార్చాం. దీనికి నిజంగా ఏదైనా ఇబ్బందుందంటే చెప్పండి, ఇంటి దగ్గరే పెట్టుకుని, మీరు ఎలా చెప్తే అలా చూసుకుంటాం. లేదంటే మాత్రం ఇది ఒళ్ళు బద్ధకమే. హాస్టల్ మాట్లాడి ఉంచా. తెల్లారగట్ట నాలుగున్నరకి లేపి చదివిస్తారంట."

ఝాన్సీ నేల చూస్తూ కూర్చుంది. ఇంటి దగ్గరుంటుందా హాస్టల్‌కి పోతుందా అన్నది ఇప్పుడు ప్రేమమణి చేతిలో పెట్టారన్నమాట.

టెస్టు అద్భుతంగా జరిగింది. ఆ మాట ప్రేమమణి ఆ సాయంత్రం భర్తతో రెండుసార్లు అంది. మొదట్లో బిగుసుకుపోయిన పిల్ల పది నిమిషాల్లో చకచకా చెప్పడం మొదలుపెట్టింది. ప్రశ్న వినగానే ఒకసారి ప్రేమమణి మొహంలోకి చూసేది, జవాబు చెప్పేసేది. ఎంత చక్కగా కళ్ళలోకి చూస్తుందో, ఎంత నమ్మకమో. తనకు పిల్లలతో ఉన్న చనువు పుస్తకాలు చదివితే వచ్చేది కాదని ప్రేమమణికి కించిత్ గర్వం కూడా కలిగింది. మార్కులు వేసి చూస్తే వయసుకు తగ్గ స్థాయిలోనే ఉన్నాయి. "తొమ్మిదో తరగతి స్థాయి. ప్రత్యేకమైన ఇబ్బంది ఏదీ కనబడలేదు. శ్రద్ధ, సాధన అవసరం" అని రిపోర్టు రాసింది.

ఎలీనా రిపోర్టు చదివి పెన్ను తీసి ఆగింది. "టీచర్, రికార్డింగ్ విని రాసింది ఒకసారి చూపిస్తే..." అంది.

"అవుతోంది మేడమ్. సోమవారం ఇచ్చేస్తాను" అంది ప్రేమమణి. అప్పటికి ఫోన్లో ఆ రికార్డింగ్ తెరిచి కూడా చూడలేదు.

ఎలీనా ఇంకేదో అడగబోయి మానేసింది. "మీరు చేశారంటే ఇంక చూసేదేముంది టీచర్" అని సంతకం పెట్టేసింది.

మరుసటి శనివారం తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ప్రేమమణి అరగంట విడమరిచి చెప్పింది. "మీ అమ్మాయికి ఏ లోటూ లేదండీ. కావలసిందల్లా ప్రాక్..." అంది.

"టీసు" అన్నాడు జోగారావు.

ఎంత తెలివైన మనిషి అనుకుంది ప్రేమమణి. ఆయన కూతురివైపు తిరిగి, "విన్నావా, టీచరుగారే చెప్పారు" అన్నాడు. ఝాన్సీ ప్రేమమణి మొహంలోకి ఒకసారి చూసింది, ఏదో అడుగుదామన్నట్టు. ప్రేమమణి అప్పటికే ఫైలు సర్దుకుంటోంది.

సోమవారం గడిచిపోయింది. మంగళవారం పొద్దున ఇంక తప్పదని మల్కాజ్‌గిరి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒళ్ళో కాగితాలు పరుచుకుంది. లోకల్ వచ్చేలోపు రెండు పేజీలు లాగించెయ్యొచ్చని లెక్క.

ముందు తన గొంతు వినబడింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, చక్కగా చదువుతోంది. "ముప్పై ఆరు నిమ్మకాయలు నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి?" తర్వాత నిశ్శబ్దం. మూడు సెకన్లు ఉంటుందేమో. ఆ తర్వాత అదే గొంతు, కాస్త తేనె పూసుకుని, "తొమ్..." అంది. "మిది" అంది ఝాన్సీ.

ప్రేమమణి వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ అదే. ఇలా అన్నట్టు ఆమెకు ఏ మాత్రం గుర్తు లేదు. ఎవరైనా వచ్చి చెబితే ప్రమాణం చేసి మరీ కాదనేది. తర్వాతి ప్రశ్న. "ముప్..." "పై." తర్వాతిది. పిల్ల "ఇరవై రెండు" అంటే, "ఊఁ?" అని పైకి సాగదీసింది. పిల్ల వెంటనే "ఇరవై నాలుగు" అంది. "ఊఁ" అని కిందికి దించింది. తప్పయితే ఊఁ పైకి, ఒప్పయితే ఊఁ కిందికి. ఆ పిల్ల ఊఁల వరస పట్టేసింది. ఎనిమిదేళ్ళ బడిలో పాపం అది నేర్చుకున్న లెక్క ఇదొక్కటే, టీచరు మొహం చూసి మిగతా సగం పూర్తి చెయ్యడం. ఆ లెక్కలో మాత్రం ఝాన్సీని మించినవాళ్ళు లేరు.

ఒక లోకల్ వచ్చి వెళ్ళిపోయింది. ప్రేమమణి లేవలేదు. పదిహేడో ప్రశ్న దగ్గర ఝాన్సీ గొంతు చిన్నగా, "మిస్, నాకు ఇది రా..." అంది. తన గొంతు దాని మీద పడిపోయింది. "వస్తుంది, వస్తుంది, నీకు రాకపోవడమేంటి, ఇటు చూడు, నలభై రెం..."

రెండో లోకల్ కూడా వెళ్ళిపోయింది. ప్రేమమణి లెక్క వేసింది. ఇరవై నాలుగు ప్రశ్నల్లో ఝాన్సీ సొంతంగా చెప్పినవి ఐదు. మిగతావన్నీ ఎవరు చెప్పారో వేరే అడగక్కర్లేదు. "తొమ్మిదో తరగతి స్థాయి" అని రిపోర్టులో రాసింది అబద్ధమేమీ కాదు, ఎవరి స్థాయో రాయలేదంతే. ఓసి ప్రేమమణీ, నలభై నాలుగేళ్ళకు తొమ్మిదో తరగతి పాసయ్యావే తల్లీ అనుకుంది. నవ్వు రాలేదు.

ఝాన్సీ ఇంటికి ఫోన్ చేసింది. శ్రీలలిత తీసింది. "ఆదివారం దింపొస్తామండీ హాస్టల్లో. ట్రంకుపెట్టె సర్దేశాను" అంది.

ఫోన్లో ఆ రికార్డింగ్ కింద చెత్తబుట్ట బొమ్మ ఒకటి ఉంది. దాన్ని నొక్కితే ఇదంతా పోతుంది. ఫోన్ పాడైందని చెప్పొచ్చు, ఎలీనా నమ్ముతుంది, టీచర్ చెబితే నమ్మడమే ఆ పిల్లకు తెలుసు. కోర్సు సాఫీగా అయిపోతుంది, తిరిగే కుర్చీ వస్తుంది. ప్రేమమణి వేలు ఆ బొమ్మ దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగింది. తర్వాత ఫోన్ హ్యాండ్‌బ్యాగులో పడేసి, మూడో బండి ఎక్కింది.

ఎలీనా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తల వంచుకుని విన్నది. పదిహేడో ప్రశ్న దగ్గర ఆపేసింది.

"దీన్ని రద్దు చెయ్యాలి టీచర్. ఈ సెమిస్టర్ ప్రాక్టికల్ మీరు మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాల్సొస్తుంది. డిగ్రీ ఆర్నెల్లు వెనక్కి పోతుంది."

"చేస్తాను మేడమ్."

"మీ ఒక్కళ్ళదే కాదు. నేను అడగాల్సింది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మిమ్మల్ని చూస్తే నాకు ఇంకా ఏడో తరగతే." ఎలీనా ఇయర్‌ఫోన్స్ తీగ వేలికి చుట్టుకుంది. "ఒకటి చెప్పనా టీచర్. మీ క్లాసులో నేను అన్నిటికీ జవాబు చెప్పేదాన్ని. ఇంటర్‌కి పోయినంక తెలిసింది, నాకు ఏ ఫార్ములా పూర్తిగా రాదని. మొదటి సగం ఎవరైనా ఇస్తే గానీ మొదలయ్యేది కాదు."

ఆ మాట ఎలీనా కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది ప్రేమమణికి. ఇరవై ఏళ్ళు, ఏడాదికి నాలుగు సెక్షన్లు. ఎంతమందికి సగం సగం పంచిపెట్టిందో లెక్కల టీచరై ఉండి కూడా లెక్కెయ్యలేకపోయింది.

మర్నాడు పొద్దున బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళింది. లారీల మధ్యలోంచి, టమాటా పెట్టెల మీదుగా చీర ఎత్తిపట్టుకుని జోగారావు కొట్టు వెతుక్కునేసరికి చెప్పులు ఎర్రటి గుజ్జులో మునిగిపోయాయి. ఆయన కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"మీకిచ్చిన రిపోర్టు తప్పండీ. జవాబులు నేనే అందించాను, నాకు తెలియకుండానే. అమ్మాయికి నిజంగా ఇబ్బంది ఉన్నట్టుంది. బద్ధకం కాదు."

జోగారావుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "మీరు డాక్టరు కాదా?"

"కాదండీ. నేర్చుకుంటున్నాను. మొదటి రోజే చెప్పాను."

"అంటే స్టూడెంటా? ఈ వయసులో?"

"అవునండీ."

"ఇప్పుడు ఫెయిలయ్యారా?"

"అయ్యానండీ."

ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టేశాడు. "శనివారం నుంచీ దాన్ని తిట్టని పూట లేదమ్మా. టీచరుగారే చెప్పారు నీకు ఏం లేదని, ఒళ్ళు వంచమని. మీ పేరు చెప్పే తిట్టా. అది గుడ్ల నీళ్ళు కుక్కుకుని వింటంది తప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు" అన్నాడు. గొంతు పెంచలేదు, మొహం మాత్రం ఎర్రబడింది. "ఏదండీ, మాట్లాడరేం?"

మాట్లాడ్డానికి ప్రేమమణి దగ్గర సగం మాట కూడా లేదు. చెయ్యగలిగిన మనవి ఒక్కటే చేసింది. ఆదివారం పంపొద్దని. శనివారం ఇంకో రకం టెస్టు ఉందని, దాన్ని ఎలీనా మేడమే స్వయంగా పెడుతుందని, తను దగ్గరికి కూడా రానని. జోగారావు అవుననలేదు, కాదనలేదు.

శుక్రవారం ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మీరుంటేనే వస్తానంటంది అమ్మాయి. ఆ మిస్సుంటే నాకు జవాబులు వస్తాయి అంటంది. ఏం చెయ్యమంటారు?"

ఈ సంగతి విని ఎలీనా చాలాసేపు ఆలోచించింది. శనివారం ఝాన్సీ వచ్చేలోపు గదిలో ఒక మూలకి కుర్చీ జరిపి, దాన్ని తిప్పింది. చెప్పడానికి ఇబ్బంది పడుతూ, "టీచర్, మీరు ఇక్కడ కూర్చోవాలి. గోడవైపు తిరిగి" అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎలీనా పెదవి బిగబట్టింది కానీ కళ్ళలో నవ్వు ఆగలేదు. ప్రేమమణి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. కొంగు చివర ఉండ చుట్టి నోట్లో పెట్టుకుంది, జాగ్రత్తకి. కోరుకున్నట్టే తలుపున్న గది, ఏసీ కూడా ఉంది. కుర్చీ ఒక్కటే తిరగదు.

ఝాన్సీ వచ్చి కూర్చున్న చప్పుడైంది. ఎలీనా మొదటి ప్రశ్న చదివింది. ఆవగింజంత చిన్న లెక్క. ప్రేమమణి నాలుక మీద జవాబు సిద్ధమైపోయింది. వెనక కుర్చీ కిర్రుమంది, పిల్ల తన వీపు వైపు తిరిగి చూస్తోందని తెలుస్తూనే ఉంది. ప్రేమమణి కొంగు ఇంకాస్త లోపలికి కుక్కుకుంది. గోడ మీద సున్నం పెచ్చు ఒకటి ఊడి ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. నిశ్శబ్దం ఎంతకీ తెగలేదు. ఇరవై ఏళ్ళలో ఏ క్లాసులోనూ ఇంత నిశ్శబ్దాన్ని ఆమె బతకనిచ్చింది లేదు.

"మిస్" అంది ఝాన్సీ చివరికి. "నాకు రాదు."

"సరే" అంది ఎలీనా. రాసుకున్న చప్పుడు, పేజీ తిప్పిన చప్పుడు. అంతే. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ "వస్తుంది వస్తుంది" అనలేదు.

ఇంకో ప్రశ్న. మళ్ళీ "రాదు." ఈసారి తొందరగానే అంది. ఐదారు ప్రశ్నలయ్యేసరికి ఆ గొంతులో వణుకు పోయింది. పేరు అడిగితే చెప్పినట్టు మామూలుగా, నెమ్మదిగా చెబుతోంది. ఒక్కొక్కసారి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ గొణిగి, గొణిగి, "పద్దెనిమిది" అని సొంతంగా ఒకటి చెప్పేది. దానికీ ఎలీనా ఏమీ అనలేదు. గోడ వైపు మాత్రం ఒక మనిషి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఒక పిల్ల "నాకు రాదు" అని మొదట్నుంచి చివరిదాకా అనగా వినడం ప్రేమమణికి ఇదే మొదటిసారి. ఎంత చిన్న మాట అది. ఆ మాట ఈ పిల్ల నోట్లో ఎన్నేళ్ళుగా నలిగి ఉంటుందో తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నం ఎలీనా తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టింది. తెలివికి లోటు లేదని, అంకెల దగ్గరే ఈ పిల్లకు పుట్టుకతో ఒక ఇబ్బంది ఉందని, దాన్ని కప్పిపుచ్చడానికి మిగతావాళ్ళ కంటే రెట్టింపు కష్టపడుతోందని చెప్పింది. నేర్పే పద్ధతి వేరే ఉందంది. పదో తరగతి పరీక్షలో వెసులుబాట్లకు కాగితం రాసిస్తానంది. జోగారావు అంతా విని, భార్యవైపు తిరిగి, "ఇంటికెళ్ళాక ఆ పెట్టె విప్పెయ్" అన్నాడు. శ్రీలలిత అక్కడే కళ్ళు తుడుచుకుంది. ప్రేమమణి గుమ్మం బయట నిలబడి విన్నది. ఆయన బయటికొస్తూ ఆమెను చూసి ఒక్క క్షణం ఆగాడు. "మొన్న మీ చెప్పులు పాడైపోయినట్టున్నాయి" అన్నాడు. క్షమించాడో లేదో అందులో తెలియలేదు.

వరండాలో ఝాన్సీ వచ్చి పక్కన నిలబడింది.

"మిస్, ఇవాళ మీరు ఒక్కటి కూడా చెప్పలే."

"చెప్పలేదు."

"నాకు చాలా రాలే."

"విన్నాను. చక్కగా చెప్పావు."

పిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. తెలియదని చెబితే మెచ్చుకునే టీచరును అది ఇదివరకు చూసి ఉండదు. "మిమ్మల్ని ఎందుకు గోడ దిక్కు కూర్చోబెట్టిన్రు? పనిష్‌మెంటా?"

"అవునే."

"ఎందుకు?"

"క్లాసులో మాట్లాడినందుకు."

ఝాన్సీకి నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వడం ప్రేమమణి చూడటం అదే మొదలు. "ఎన్ని రోజులు మిస్?" అంది.

"ఒక సెమిస్..." అని ఆగింది ప్రేమమణి.

ఝాన్సీ నోరు తెరిచింది. ప్రేమమణి గబుక్కున చెయ్యి ఎత్తి ఆపి, "టర్" అని తనే పూర్తి చేసింది.